బ్యారేజీ 70 గేట్లూ గీస్తాడు.. ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా బాబుకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. ఒకసారి చూసిన కట్టడాన్ని ఇంటికొచ్చి గీసేస్తాడు. ప్రకాశం బ్యారేజీ గీస్తే 70 గేట్లూ లెక్క తప్పవు. లెక్కలు పర్వాలేదు. తెలుగు, సోషల్ గట్టెక్కడం కష్టం. విజయవాడలో ఐఐటీ ఫౌండేషన్‌లో వేయమని బంధువులు, టీవీ షోకి పంపమని పక్కింటివాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ప్రస్తుతానికి ఆ రెండూ వద్దు. హాస్టల్లో తెల్లవారుజామున బెల్లు, వందమంది భోజనాల హాలు, రాత్రిదాకా స్టడీ అవర్లు. చప్పుడు, రద్దీ పడని పిల్లాడికి సబ్జెక్టు కంటే ముందు ఆ రొద తట్టుకోవడానికే శక్తి అంతా అయిపోతుంది. మొదట ఆగిపోయేది బొమ్మలే. ఇక టీవీ షోలో లైట్లు, చప్పట్లు, 'ఇంకోటి గియ్యి బాబూ' అనడాలు. దానివల్ల చదువుకి గానీ ఉద్యోగానికి గానీ ఒరిగేదేమీ లేదు.

ఆటిజం ఉన్న పిల్లలందరికీ ఇలాంటి ప్రతిభ ఉండదు. ఉన్నా అది దానంతటదే ఉద్యోగం కాదు. నగరాలకు నగరాలే జ్ఞాపకంతో గీసే స్టీఫెన్ విల్ట్‌షైర్ కూడా లండన్‌లో ఆర్ట్ స్కూలుకి వెళ్లి నేర్చుకున్నవాడే. మీ బాబు తనకి నచ్చింది, నచ్చినప్పుడు గీస్తున్నాడు. ఎవరో చెప్పింది, చెప్పిన కొలతకి, చెప్పిన టైముకి గీసివ్వడం వేరే విద్య. వచ్చే రెండేళ్లూ నేర్పాల్సింది అదే.

మీ హాలుతో మొదలుపెట్టండి. టేపు బాబు చేతికే ఇవ్వండి. గోడ పొడవు 3.6 మీటర్లు వచ్చిందనుకుందాం. 1:50 స్కేల్లో, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతుగా గీస్తే, కాగితం మీద అది 7.2 సెంటీమీటర్లు. ఈ ఒక్క మెలిక అర్థమైతే బొమ్మ ప్లాను అవుతుంది. పని చీటీ మీద రాసివ్వండి: 'ఏ4 కాగితం. హాలు పైనుంచి చూసినట్టు. తలుపులు, కిటికీలు మాత్రమే. పెన్సిల్. ఆరు గంటలకి అమ్మకి ఇవ్వాలి.' 'బాగా గియ్యి' అంటే వాడికి ఏమీ చెప్పనట్టే. ఆపాల్సిన టైముకి అయిదు నిమిషాల ముందు టైమరు మోగేలా పెట్టండి.

ఎక్కువమంది ఇళ్లలో గొడవయ్యేది దిద్దే దగ్గర. పిల్లాడి కాగితం మీద మీరు పెన్ను పెడితే వాడి లెక్కలో ఆ బొమ్మ చచ్చిపోయినట్టే. కాగితం చింపేస్తాడు, లేదా వారం రోజులు గీయడు. దానికి బదులు బొమ్మ మీద ట్రేసింగ్ పేపరు పరిచి, తప్పున్నచోట ఎర్ర పెన్సిల్‌తో ఒక చుట్టు చుట్టండి. అసలు బొమ్మ భద్రంగా ఉంటుంది, తప్పూ కనిపిస్తుంది. ఒక్కసారికి ఒక్క తప్పే. ఇది అలవాటైతే రేపు ఆఫీసులో ఇంజినీరు దిద్దినా తట్టుకుంటాడు. ఇంకోమాట, 'సోషల్ చదవకపోతే బొమ్మలు బంద్' అనే శిక్ష మాత్రం వేయకండి.

కాగితాల పని వాయిదా వేయొద్దు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే వైద్య పరీక్ష) స్లాటు బుక్ చేసుకోండి. ఆటిజాన్ని 40 అంశాల స్కేలుతో కొలుస్తారు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 70, ఆపైన వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. అక్కడ బొమ్మల ఫైలు తెరిచి 'చాలా తెలివైనవాడండీ' అని మొదలుపెట్టే తల్లిదండ్రులే ఎక్కువ. డాక్టరుకి కావాల్సింది రోజువారీ ఇబ్బందులు: రోడ్డు ఒంటరిగా దాటగలడా, మిక్సీ చప్పుడుకి ఏం చేస్తాడు, అడిగినదానికి జవాబిస్తాడా అనేవి. వారం రోజులు రాసిపెట్టి ఆ కాగితం పట్టుకెళ్లండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల కోటా, అయిదేళ్ల వయసు సడలింపు ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం. అందులో ఆటిజానికి విడిగా కోటా లేదు, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటితో కలిపి ఒక శాతం. 'సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడుతుంది' అన్న భయం అర్థమవుతుంది. కానీ అది లేకపోతే పరీక్షలో అదనపు సమయం కూడా రాదు.

పదో తరగతికి పేర్లు పంపేముందే మినహాయింపుల గురించి హెడ్మాస్టరుకి రాతపూర్వకంగా ఇవ్వండి. హాల్‌టికెట్ వచ్చాక పరుగెత్తితే లాభం ఉండదు. బడి బొత్తిగా కుదరకపోతే ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) ఉంది. అయిదు సబ్జెక్టులు, ఒక భాష చాలు, అయిదేళ్లలో తొమ్మిదిసార్లు రాసుకోవచ్చు. పెయింటింగ్ కూడా సబ్జెక్టుగా ఉంది. సులువని దాన్ని తీసుకుని లెక్కలు మాత్రం వదిలేయకండి, ముందుకెళ్లే దారులు మూసుకుపోతాయి.

పది తర్వాత నా మొదటి ఓటు ఐటీఐలో కట్టడాల ప్లాన్లు గీయడం నేర్పే డ్రాఫ్ట్స్‌మన్ సివిల్‌కి. రెండేళ్లు, పని కొలతలతో, కంప్యూటరు మీద, మాటలు తక్కువ. కాస్త మెరుగ్గా చదివితే మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా. ఆర్కిటెక్చర్ అంటే అయిదేళ్ల బీఆర్క్. 2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విజయవాడలోనే ఉంది. అందులో సీటుకి ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి, జేఈఈ మెయిన్ పేపర్-2 రాయాలి. అది 400 మార్కులు, అందులో డ్రాయింగ్ 100. కోటాకి అర్హత ఉన్నవాళ్లకి మూడు గంటల పరీక్షకి ఇంకో గంట ఇస్తారు.

డ్రాయింగ్ తేలికే కదా అనుకోకండి. అక్కడ చూసింది గీయమనరు, 'రద్దీగా ఉన్న బజారు ఊహించి గీయండి' లాంటివి అడుగుతారు. జ్ఞాపకంతో గీసే పిల్లలు చిక్కుకుపోయేది ఇక్కడే. కాబట్టి తెలిసిన బొమ్మలోనే ఒక్కొక్కటి మార్చమనండి. బ్యారేజీ రాత్రిపూట. తర్వాత నాలుగు గేట్లు ఎత్తి నీళ్లు వదిలినట్టు. ఆ తర్వాత పుష్కరాల జనంతో. మనుషులంటే మొరాయిస్తే ముందు గొడుగులు గీయమనండి. గొడుగుల కింద కాళ్లు తర్వాత వస్తాయి.