కథకుడి తర్కమే కథను నడపాలి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి అధ్యాయాలు శ్రద్ధగా చదివాను. ఆటిజం ఉన్న కుర్రవాడి చేతనే కథ చెప్పించాలన్న నీ నిర్ణయం నాకు నచ్చింది. అయితే అతడు రైళ్ల నంబర్లు వల్లించడం, పెద్ద శబ్దాలకు చెవులు మూసుకోవడం తీసేసినా నీ కథ ఇప్పుడున్నట్టే నడుస్తుంది. నా అభ్యంతరం అక్కడే ఉంది. అతని ఆలోచనా విధానం లేకపోతే కథలో ఒక్క అడుగు కూడా పడకూడదు.

మార్క్ హాడన్ 2003లో ప్రచురించిన 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్' నవలను ఈ దృష్టితో మరొకసారి చదువు. ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఉండే, తన కథ తానే చెప్పే పదిహేనేళ్ల క్రిస్టఫర్ పొరుగింటి కుక్క వెల్లింగ్టన్‌ను ఎవరు చంపారో కనుక్కోవాలనుకుంటాడు. అధ్యాయాలకు 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలు వేసుకుంటాడు. ఇది అందరికీ గుర్తుండే విశేషమే గానీ, అసలు నేర్పు మరోచోట ఉంది. కుక్కను తానే చంపానని తండ్రి ఒప్పుకున్నప్పుడు క్రిస్టఫర్ ఆయన పశ్చాత్తాపాన్ని లెక్కలోకి తీసుకోడు. కుక్కను చంపినవాడు తననూ చంపగలడని నిర్ధారించుకుని, ఎవరి దగ్గర తలదాచుకోవచ్చో ఒక్కొక్కరినే ఆలోచించి కొట్టివేస్తూ, చివరికి మిగిలిన తల్లిని వెతుక్కుంటూ లండన్ బయలుదేరతాడు. నవల ఉత్తరార్ధమంతా ఆ ఒక్క తర్కం నుంచే పుట్టింది.

అంతకన్నా నన్ను కదిలించేది మొదట్లో వచ్చే ఒక చిన్న సన్నివేశం. కుక్క చనిపోయిన రాత్రి తండ్రి టీవీలో స్నూకర్ చూస్తూ కన్నీరు పెట్టుకుంటాడు. వెల్లింగ్టన్ చనిపోయినందుకు బాధపడుతున్నావా అని క్రిస్టఫర్ అడుగుతాడు. తండ్రి అతనివైపు చాలాసేపు చూసి, అలా అనుకోవచ్చని బదులిస్తాడు. పాపం, పిల్లవాడికి అర్థం కాలేదని మనం అనుకుంటాం. నిజం బయటపడ్డాక వెనక్కి వచ్చి చూస్తే, సరైన ప్రశ్న అడిగింది అతడే, మనుషులను చదవడం మనకు బాగా వచ్చన్న ధీమాతో పొరబడింది మనం. తల్లి చనిపోయిందని అబద్ధం చెప్పిందీ, ఆమె ఉత్తరాలు దాచిందీ కూడా లోకరీతి తెలిసిన తండ్రే.

బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్, తానూ ఆటిజం ఉన్న సామాజికశాస్త్రవేత్త, 2012లో ఒక వాదన ముందుకు తెచ్చారు. ఆటిజం ఉన్నవారికి ఇతరులు అర్థం కానట్టే, ఇతరులకు వారూ అర్థం కారని, లోపాన్ని ఒక్క పక్షానికే అంటగట్టడం తగదని ఆయన అంటారు. నవలాకారుడికి ఇది ఎంతో విలువైన మాట. నీ కథలో చుట్టాలు "ఇప్పుడే తిని వచ్చాం" అనగానే కుర్రవాడు పళ్లెం వెనక్కి తీసుకుపోయే ఘట్టాన్ని నవ్వుల కోసం రాశావు. కాసేపటికి వాళ్లే తృప్తిగా భోంచేయడం అతడు చూశాడు కదా, ఆ వైరుధ్యాన్ని అతడు ఎలా పరిష్కరించుకున్నాడో రాయి. పెద్దవాళ్ల మాటల్లో ఏది నమ్మాలో అతడు అక్కడ తేల్చుకుంటే, ఏడో అధ్యాయంలో మేనమామ బెదిరింపును ఎందుకు లెక్కచేయలేదో నువ్వు విడిగా వివరించనక్కరలేదు.

భాష సంగతి కూడా చూసుకో. జాతీయాలు తనకు అర్థం కావని మొదటి పుటలో చెప్పిన కుర్రవాడు, రెండో అధ్యాయంలో "అమ్మ ముఖం మబ్బు పట్టింది" అంటాడు. ఆటిజం ఉన్నవారిలో కవులూ ఉన్నారు కనుక ఆ వాక్యం అసాధ్యమని అనను. కానీ అది ఈ కుర్రవాడిది కాదు, నీది.

హాడన్‌ను అనుకరించవద్దు. తాను ఆటిజం విషయంలో నిపుణుణ్ణి కానని ఆయనే చెప్పారు. లెక్కల్లో మేధావి అయిన క్రిస్టఫర్‌ను చూసి ఆటిజం అంటే ఇంతేనని లోకం అనుకుంటున్నదని ఆటిజం ఉన్న పాఠకులు కొందరు నొచ్చుకున్నారు కూడా. వారి అభ్యంతరం న్యాయమైనదే. అందుకే తిరగరాసిన ప్రతిని నాకంటే ముందు ఆటిజం ఉన్న ఇద్దరు ముగ్గురు పెద్దవారి చేత చదివించు. వారు కాదన్నచోట వాదించకుండా కారణం అడిగి రాసుకుని, ఆ తరువాతే నాకు పంపు.

శుభాశీస్సులతో.