ప్రశ్న–జవాబు: బ్రౌజర్‌లో తొలి ఆట

ప్రశ్న: నమస్కారమండి. డిప్లొమా పూర్తిచేసి ఇంటి దగ్గరే ఉన్నాను. బ్రౌజర్‌లో ఆడుకునే ఆటలు తయారుచేయాలని నా కోరిక. ఆరు నెలలుగా వీడియో పాఠాలు చూస్తున్నాను. ఒకరు ఒక గేమ్ ఇంజిన్ (ఆటకు కావలసిన కోడ్ సిద్ధంగా ఉండే సాధనం) మంచిదంటారు, మరొకరు ఇంకొకటి అంటారు. మూడు మొదలుపెట్టి మూడూ మధ్యలో వదిలేశాను. నాది నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి

జవాబు: మీ ఉత్తరంలో మూడు ఇంజిన్ల ప్రస్తావన ఉంది గాని, మీరు చేయదలచుకున్న ఆట ఏమిటో ఒక్క వాక్యం కూడా లేదు. చిక్కంతా అక్కడే ఉందని నా అనుమానం. ముందు ఆటను నిర్ణయించుకోండి, అదీ వారం రోజుల్లో పూర్తికాగలిగినంత చిన్నదాన్ని.

మీ ఊరి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లనివారు ఉండరు కనుక దాన్నే తీసుకుందాం. తెర కుడి అంచు సఖినేటిపల్లి ఒడ్డు, ఎడమ అంచు నరసాపురం ఒడ్డు. పంటు కుడినుంచి ఎడమకు చేరాలి, గోదావరి పాయ వశిష్ఠ ప్రవాహం దాన్ని దిగువకు నెడుతూ ఉంటుంది, ఎగువనుంచి గుర్రపు డెక్క అనే నీటి మొక్క గుంపులుగా కొట్టుకొస్తూ ఉంటుంది, డెక్క తగిలితే ఆట ముగుస్తుంది. బొమ్మలేవీ గీయవద్దు. పంటు ఒక పసుపుపచ్చ దీర్ఘచతురస్రం, డెక్క ఒక ఆకుపచ్చ దీర్ఘచతురస్రం, అంతే. బొమ్మల కోసం నెట్‌లో వెతుకుతూ కూర్చుంటే ఆరు నెలలు మళ్లీ ఇట్టే గడిచిపోతాయి.

దీనికి కావలసింది ఒక బ్రౌజర్, ఒక టెక్స్ట్ ఎడిటర్, ఒకే ఒక హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలు. ఆ ఫైలులో కాన్వాస్ అనే ట్యాగ్ పెడితే గీయడానికి పలక దొరుకుతుంది, దాని మీద గీయడానికి జావాస్క్రిప్ట్ ఉంది. ఈ భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపానికి తెచ్చారు. పేరులో జావా ఉన్నా ఇది వేరే భాష కాబట్టి, ముందు జావా నేర్చుకుని రమ్మని ఎవరైనా చెబితే వినవలసిన పని లేదు. వేరియబుల్ (విలువను దాచుకునే పేరు), షరతు, శ్రేణి (విలువల వరుస), ఫంక్షన్ (పేరుతో పిలవగల కోడ్ ముక్క), ఈ నాలుగూ తెలిస్తే పంటు కదులుతుంది.

కాన్వాస్‌లో ఒక వింత ఉంది. బడిలో గీసిన గ్రాఫులో వై విలువ పైకి పెరిగేది, ఇక్కడ కిందికి పెరుగుతుంది. మన ఆటకు అది కలిసివచ్చింది, ఎందుకంటే పటంలో లాగే ఉత్తరాన్ని పైన ఉంచితే నది కిందికి, అంటే సముద్రం వైపు పారుతుంది కనుక, ప్రవాహమంటే పంటు వై విలువకు ప్రతిసారీ కొంత కలపడమే. పంటును కదిలించిన మొదటి రోజు దాని వెనుక పసుపు రంగు తోకలా సాగడం చూసి కంగారు పడవద్దు. సినిమా రీలులో మాదిరిగా ప్రతి ఫ్రేమునూ మొదటినుంచి గీయాలి, గీసే ముందు పాతదాన్ని తుడవాలి.

రెండో రోజు కీబోర్డు మీటల దగ్గర ఇంకొక తిప్పలు వస్తాయి. మీట నొక్కిన సంఘటన జరిగినప్పుడే పంటును జరిపితే, అది ఒక అడుగు వేసి, కాసేపు ఆగి, తరువాత గబగబా కదులుతుంది, ఎందుకంటే నొక్కిపట్టిన మీటను కంప్యూటర్ అలాగే పంపుతుంది, ఉత్తరం టైపు చేసేటప్పుడు మీరు చూసేదీ ఇదే. అందుచేత మీట నొక్కగానే ‘నొక్కి ఉంది’ అని, వదలగానే ‘వదిలేశారు’ అని గుర్తు మాత్రం పెట్టుకుని, కదలికను ఫ్రేము గీసే చోట చూసుకోవాలి. ఇక మీ స్నేహితులు ఆడబోయేది ఫోన్‌లోనే కాబట్టి తెర మీద వేలు పెట్టినా పంటు నడిచేలా మొదటినుంచే రాయండి.

ఆట దశల విషయంలో కాలువ మీది లాకును గుర్తుచేసుకోండి. ఎగువ తలుపు, దిగువ తలుపు ఒకేసారి తెరవరు. ఆట మొదలైందా, నడుస్తోందా, ముగిసిందా అన్నదానికి మూడు వేర్వేరు అవును–కాదు వేరియబుల్స్ పెట్టుకుంటే ఏదో ఒక రోజు రెండు తలుపులూ తెరుచుకుంటాయి, ముగిసిన ఆటలో పంటు ఇంకా నడుస్తూ ఉంటుంది. ‘దశ’ అనే ఒకే వేరియబుల్ పెట్టి అందులో మూడింటిలో ఒక పేరే ఉండేలా చూసుకోండి.

ఇదంతా అయ్యాక ఇంజిన్ పట్టండి. 2013లో రిచర్డ్ డేవీ విడుదల చేసిన ఫేజర్ ఉచితం, జావాస్క్రిప్ట్‌తోనే పని చేస్తుంది. మీరు చేత్తో రాసినవే అందులో సిద్ధంగా ఉండడం చూసి అప్పుడు మీకు ఏది ఎందుకుందో తెలుస్తుంది. చాట్‌బాట్‌ను అడిగితే పంటు ఆట మొత్తం నిమిషంలో రాసి ఇస్తుంది, కాదనను. తప్పు వచ్చినప్పుడు దాన్ని అడగండి, ఆట మాత్రం మీరే రాయండి. ల్యాప్‌టాప్ గురించి దిగులు వద్దు. జేఎస్‌13కే అనే పోటీ 2012 నుంచి ఏటా జరుగుతోంది, అందులో ఆట మొత్తం, బొమ్మలూ శబ్దాలూ సహా, జిప్ చేస్తే 13 కిలోబైట్లు దాటకూడదు. అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద ఫొటోలు మీ ఫోన్‌లో ఉంటాయి.

పూర్తయిన ఆటను గిట్‌హబ్ పేజెస్, ఇచ్.ఐఓ వంటి వెబ్‌సైట్లలో ఉచితంగా పెట్టవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. బొమ్మ ఫైలు పేరులో పెద్ద అక్షరం, కోడ్‌లో చిన్న అక్షరం ఉన్నా విండోస్ పట్టించుకోదు, ఆ సైట్లను నడిపే సర్వర్ చాలాసార్లు ఒప్పుకోదు. ఇంట్లో కనిపించిన బొమ్మ నెట్‌లో మాయమైతే ముందు అదే చూడండి.

ప్రశ్న: పాత పుస్తకాల దుకాణంలో ఫ్లాష్‌తో ఆటలు చేయడం నేర్పే లావుపాటి పుస్తకం చవగ్గా దొరికింది. చదవవచ్చా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఫ్లాష్ అంటే ఒకప్పుడు బ్రౌజర్లలో ఆటలు నడిపిన సాధనం. ఫ్లాష్ ప్లేయర్‌కు దాని సంస్థ అడోబీ మద్దతు 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఫ్లాష్ ఆటలను నడవనివ్వడం మానేసింది. పుస్తకంలోని మెనూలు, బటన్ల వివరాలు మీకు పనికిరావు. దెబ్బలు తగలడం లెక్కకట్టడం, శత్రువుల కదలిక వంటి అధ్యాయాలుంటే మాత్రం చదవండి, అందులో వాడే యాక్షన్‌స్క్రిప్ట్ అనే భాష జావాస్క్రిప్ట్‌కు దగ్గరి చుట్టమే.

ప్రశ్న: చెట్టు మీదినుంచి పడే కొబ్బరికాయలను బుట్టలో పట్టే ఆట చేశాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడుతోంది. మా అన్నయ్య కొత్త ఫోన్‌లో కాయలు రెట్టింపు వేగంతో పడుతున్నాయి. కోడ్ ఒకటే కదండీ?
– డిగ్రీ విద్యార్థి, రామచంద్రపురం

జవాబు: కోడ్ ఒకటే, తెరలు వేరు. మీరు కాయను ప్రతి ఫ్రేముకూ ఐదు పిక్సెళ్లు దించుతున్నారని అనుకుంటాను. రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ అనే ఫంక్షన్, తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా వెలుగుతుందో సాధారణంగా అన్నిసార్లు మీ కోడ్‌ను పిలుస్తుంది. సెకనుకు 60 సార్లు వెలిగే తెర మీద కాయ 300 పిక్సెళ్లు దిగుతుంది, 120 సార్లు వెలిగే తెర మీద 600 పిక్సెళ్లు దిగుతుంది. 600 పిక్సెళ్ల చెట్టు మీదినుంచి మీ దగ్గర రెండు సెకన్లలో పడిన కాయ మీ అన్నయ్య దగ్గర ఒక్క సెకనులో పడుతోందన్నమాట.

వేగాన్ని ఫ్రేముల్లో కొలవడం మాని సెకన్లలో కొలవండి. ఆ ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ మీ కోడ్‌కు అప్పటి సమయాన్ని మిల్లీసెకన్లలో అందిస్తుంది. అందులోంచి క్రితం సమయాన్ని తీసివేసి, వెయ్యితో భాగిస్తే గడిచిన సెకన్లు వస్తాయి. సెకనుకు 300 పిక్సెళ్ల వేగాన్ని దానితో గుణించి కాయను దించండి. మీ తెర మీద ఒక ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లు గడుస్తాయి గనుక ఐదు పిక్సెళ్లు, అన్నయ్య తెర మీద అందులో సగమే గడుస్తుంది గనుక రెండున్నర పిక్సెళ్లు దిగుతుంది, నేలకు మాత్రం రెండు చోట్లా ఒకేసారి చేరుతుంది.

ఇది సరిచేసిన మరునాడే ఇంకొక ఫిర్యాదు వస్తుంది, ముందే చెబుతున్నాను. ఆడుతూ ఆడుతూ ఎవరో ఫోన్ చేశారని వేరే ట్యాబ్‌కు వెళితే బ్రౌజర్ మీ ఫ్రేములను ఆపేస్తుంది. అరనిమిషం తరువాత తిరిగి వస్తే గడిచిన సమయం 30 సెకన్లు అవుతుంది, కాయ ఒక్క గెంతులో 9,000 పిక్సెళ్లు దిగి బుట్టనూ నేలనూ దాటి పాతాళానికి పోతుంది. గడిచిన సమయం ఎంత వచ్చినా 0.1 సెకను మించనివ్వవద్దు, ఒక్క వరుస కోడ్‌తో ఈ బెడద తీరుతుంది. మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. కాయ బుట్టలో పడిన చప్పుడు ఫోన్‌లో వినిపించకపోతే అది మీ తప్పు కాదు, ఆడేవారు తెరను ఒకసారి తాకేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని అనుమతించవు. ‘ఆడండి’ అనే బటన్ పెట్టి, దాన్ని తాకినప్పుడు శబ్దాన్ని మేల్కొల్పండి.

ప్రశ్న: మూడో తరగతి పిల్లల కోసం పదంలోని అక్షరాలను చెదరగొట్టి తిరిగి పేర్చే ఆట చేస్తున్నాను. ‘గోదావరి’ని విడదీస్తే నాలుగు అక్షరాలు రావాలి గదా, ఏడు ముక్కలు వస్తున్నాయి, గుణింతపు గుర్తులు విడిగా తేలుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, మండపేట

జవాబు: కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ‘గో’ అంటే గకారమూ ఓత్వమూ కలిసి రెండు సంకేతాలు. ‘గోదావరి’లో అవి ఏడు ఉన్నాయి, జావాస్క్రిప్ట్ లెక్కపెట్టేది వాటినే. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం, దానికి ఆరు. బ్రౌజర్లలో సెగ్మెంటర్ అనే సదుపాయం గుణింతాలను సరిగానే కలుపుతుంది గాని, ఒత్తులున్న చోట పాత బ్రౌజర్లలో దాన్ని నమ్మలేం. మీరు వాడేది యాభై అరవై పదాలే అయితే యంత్రం మీద ఆధారపడకుండా ప్రతి పదాన్నీ మీరే ‘గో’, ‘దా’, ‘వ’, ‘రి’ అని శ్రేణిగా రాసిపెట్టుకోండి. గంటలో అయిపోతుంది, అక్షరమంటే ఏమిటో కంప్యూటర్ కన్నా ఉపాధ్యాయుడికే బాగా తెలుసు.

మండలి వంటి ఉచిత ఫాంటు వాడేటట్లయితే అది పూర్తిగా దిగుమతి అయ్యేదాకా కాన్వాస్ మీద ఏమీ గీయవద్దు, లేకుంటే మొదటి పదం వేరే ఫాంటులో వచ్చి తరువాతి పదాలు ఇంకొక తీరుగా వస్తాయి. అక్షరం చుట్టూ గీసే గడిని ఇంగ్లిష్ అక్షరం కొలతతో గీయవద్దు. ఒత్తులు గీత కిందికి చాలా దిగుతాయి. ముందుగా ‘స్త్రీ’ని గీసి చూసి, దాని కింది భాగం తెగకుండా పట్టేటంత గడిని అన్ని అక్షరాలకూ పెట్టండి.