ల్యాబ్ కల్చర్‌లో మానవ మూలకణాలు క్యాన్సర్‌గా మారతాయా?

ఎముక మజ్జ మీసెంకైమల్ కణాలు (ఎముక, కొవ్వు వంటి కణజాలంగా మారగల మూలకణాలు) 15వ పాసేజ్ (కణాలను కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చి పెంచే విడత) దగ్గర ఉన్నట్టుండి జోరుగా పెరుగుతున్నాయి, క్యాన్సర్‌గా మారాయా అని మీ ప్రశ్న. వేరే కణాలు కలిశాయేమో ముందు చూడండి. ఈ రకం మానవ కణాలు పాసేజ్‌లు పెరిగేకొద్దీ మందగిస్తాయి, వెడల్పుగా పరుచుకుంటాయి, చివరికి విభజన ఆపేస్తాయి. ఎలుక కణాలు మాత్రం కల్చర్‌లో నిజంగానే దారి తప్పుతాయి. ఆ పేపర్లు చదివి మానవ కణాలకు అన్వయిస్తే పొరపాటే.

మానవ కణాలూ మారతాయని 2005లో, 2009లో ‘క్యాన్సర్ రీసెర్చ్’లో పేపర్లు వచ్చాయి. 2009 నాటి కణాల డీఎన్‌ఏను తర్వాత సరిపోల్చితే అవి దాతవే కావు, ల్యాబ్‌లో ఉన్న హెచ్‌టీ-1080 ఫైబ్రోసార్కోమా వంటి క్యాన్సర్ కణాలు. 2005 పేపర్‌ను 2010లో వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి దాత రక్తం గానీ, ఫ్రీజర్‌లోని 1వ పాసేజ్ వయల్ గానీ తీసుకుని, ఇప్పటి ఫ్లాస్క్‌తో పాటు ఎస్‌టీఆర్ పరీక్షకు (కణాలు ఎవరివో చెప్పే డీఎన్‌ఏ పరీక్ష) పంపండి. డీఎన్‌ఏలో పరీక్షించే ఒక్కో స్థానంలో రెండుకు మించి శిఖరాలు (ఫలితాల గ్రాఫ్‌లో పైకి లేచే గుర్తులు) వస్తే రెండు రకాలు కలిశాయేమోనని అనుమానించాలి. కలిసినవి కొద్దిపాటే అయితే ఈ పరీక్షకు చిక్కవు, అందుకే ఇంకో రెండు పాసేజ్‌ల తర్వాత మళ్లీ చేయించాలి. అన్నీ దాతతో సరిపోతేనే క్రోమోజోమ్‌ల పరీక్ష, ఆ తర్వాత సాఫ్ట్ అగార్ (అంటిపెట్టుకునే ఆధారం లేకుండా క్యాన్సర్ కణాల్లా పెరుగుతాయేమో చూసే పరీక్ష). ఈ వరుస తప్పితే నెలల పని వృథా.

పిండ మూలకణాలు, ఐపీఎస్ కణాల (మామూలు శరీర కణాలను మార్చి చేసిన మూలకణాలు) సంగతి వేరు. వాటిలో మార్పులు నిజంగానే వస్తాయి, అసలు భయపడాల్సింది అక్కడే. 20వ క్రోమోజోమ్‌లోని 20క్యూ11.21 భాగం రెట్టిస్తే బీసీఎల్2ఎల్1 జన్యువు పెరిగి, విడదీసినప్పుడు చావాల్సిన కణం బతుకుతుంది. అలా బతికినవే కొన్ని పాసేజ్‌లలో ప్లేటంతా ఆక్రమిస్తాయి. 20 కణాలు లెక్కపెట్టే మామూలు జీ-బ్యాండింగ్‌లో (క్రోమోజోమ్‌లకు రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) ఈ చిన్న ముక్క తరచూ కనబడదు, ఆ ముక్కనే వెతికే ఫిష్ పరీక్ష గానీ క్యూపీసీఆర్ పరీక్ష గానీ చేయించాలి. 2017లో 140 పిండ మూలకణ లైన్లను (ఒకే మూలం నుంచి పెంచుతూ వచ్చిన కణాలను) పరీక్షిస్తే 5 లైన్లలో, క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువులో మ్యుటేషన్లు దొరికాయి. ఈ జన్యువును కూడా సీక్వెన్స్ చేయించండి. ఈ కణాలను ఎక్కించిన ఎలుకలో టెరటోమా (రకరకాల కణజాలాలు కలిసిన గడ్డ) వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అనుకోకండి, ఈ కణాల సహజ గుణమే అది.

హుడ్‌లో (కణాలతో పనిచేసే శుభ్రమైన క్యాబినెట్) ఒకసారికి ఒకే లైన్, ఒక్కో లైన్‌కు విడి మీడియం (పోషక ద్రవం) సీసా. జోరుగా పెరిగే క్యాన్సర్ లైన్ల పని రోజు చివర్లో పెట్టుకోండి. 2వ పాసేజ్‌లోనే కనీసం 5 వయల్స్ ఫ్రీజ్ చేసి ఉంచితే, అనుమానం వచ్చిన రోజు పోల్చడానికి అసలు కణాలు చేతిలో ఉంటాయి.