గెర్‌ట్రూడ్ స్టెయిన్ ఓక్లండ్ ఊరిని నిజంగా వెక్కిరించిందా?

"అక్కడ అసలు 'అక్కడ' అనేదే లేదు" అని అమెరికన్ రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టెయిన్ కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌ని వెక్కిరించిందంటారు, నిజమేనా, ఆవిడ పుస్తకాల్లో ముందు ఏది చదవాలి అని అడిగారు.

నేను కొన్నేళ్లు ఓక్లండ్‌లో ఉన్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే మనవాళ్లు కూడా "మీ ఊళ్లో ఏముందని?" అనడానికి ఈ మాటే వాడేవాళ్లు. పక్క ఊరు బర్కిలీ సరిహద్దులో బార్ట్ అనే లోకల్ రైలు పట్టాల పక్కన 'ఇక్కడ', 'అక్కడ' అని ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు నిలబెట్టారు. 'అక్కడ' ఉండేది ఓక్లండ్ వైపు. రోజూ ఆ దారినే ఆఫీసుకి వెళ్లేదాన్ని, చివరికి ఆ మాట ఉన్న పుస్తకం తెచ్చుకుని చదివాను.

అది వెక్కిరింపు కాదండీ. ఆవిడ 1874లో పెన్సిల్వేనియాలో పుట్టింది. ఆరేళ్ల వయసులో ఓక్లండ్ వచ్చింది. పెద్ద ఇల్లు, చుట్టూ తోట. 1888లో తల్లి, 1891లో తండ్రి పోయారు. 1903 నుంచి పారిస్‌లోనే ఉండిపోయింది. ప్రసంగాల కోసం అమెరికా వచ్చినప్పుడు, 1935లో, ఆ ఇంటిని వెతుక్కుంటూ వెళ్లింది. ఇల్లు లేదు, తోట లేదు, యూకలిప్టస్ చెట్లు లేవు, గులాబీ కంచె లేదు. 1937 నాటి 'ఎవ్రీబడీస్ ఆటోబయాగ్రఫీ'లో ఆ వాక్యం ఈ సందర్భంలోనే వస్తుంది. అమ్మానాన్నలతో పెరిగిన ఇల్లే లేకుండా పోయిన మనిషి బాధ అది. ఆ ఒక్క ముక్కనీ విడదీసి ఊరి మీదికి విసరడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఆవిడదే ఇంకో మాట, "గులాబీ అంటే గులాబీ అంటే గులాబీ" కూడా అంతే. 1913లో రాసిన ఆ లైను గురించి అడిగితే, ఇంగ్లీషు కవిత్వంలో వందేళ్ల తర్వాత గులాబీ మళ్లీ ఎర్రగా కనిపించింది ఇక్కడేనని గట్టిగా చెప్పింది. ఆవిడ ఊరికే అన్న మాట కాదు.

సరదాగా మొదలుపెట్టాలంటే 1933లో వచ్చిన 'ది ఆటోబయాగ్రఫీ ఆఫ్ ఆలిస్ బి. టోక్లస్' చదవండి. తన జీవితాన్ని తోడుగా ఉన్న ఆలిస్ గొంతుతో చెప్పుకుంది. కాలేజీలో తనకు పాఠం చెప్పిన తత్వవేత్త విలియం జేమ్స్ క్లాసు పరీక్షలో "క్షమించండి, ఇవాళ నాకు ఫిలాసఫీ పరీక్ష రాసే మూడ్ లేదు" అని పేపర్ మీద రాసి వచ్చేస్తే, తనకీ అప్పుడప్పుడూ అలాగే ఉంటుందని ఆయన జవాబిచ్చి, క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వేశాడట. ఆ కథ అందులోనే ఉంది.

ఒక్కటి మాత్రం దాచకూడదు. యూదురాలై ఉండి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, నాజీలతో చేతులు కలిపిన ఫ్రాన్స్ నాయకుడు పెటాన్ ప్రసంగాలను ఇంగ్లీషులోకి అనువదించింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆవిడ ప్రయోగాత్మక రచన 'టెండర్ బటన్స్' మాత్రం మొదటే పట్టుకోకండి. పైన చెప్పిన రెండూ అయ్యాక, కొంచెం కొంచెంగా, బిగ్గరగా చదువుకోండి.