కూర వాసన పేరుతో వేధింపు: స్కూల్ని ఎలా అడగాలి?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ప్రైవేట్ స్కూల్లో ఏడో తరగతి. క్లాసులో మనవాళ్ల పిల్లలు ఇద్దరే. ‘కూర కంపు’ అంటూ పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. రెండు నెలలుగా లంచ్ బాక్స్ తెరవకుండానే తెస్తోంది. ఆదివారం సాయంత్రమైతే కడుపునొప్పి అంటుంది. టీచర్ ‘పిల్లల సరదా’ అని కొట్టిపారేశారు. గట్టిగా అడిగితే సీటు పోతుందేమోనని భయం.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ కడుపునొప్పిని నటన అనుకోకండి. ఈ వయసులో దిగులు చాలాసార్లు ఒంట్లో నొప్పిగా బయటపడుతుంది. పీడియాట్రీషియన్‌కి చూపించి, బడిలో జరుగుతున్నది కూడా చెప్పి రికార్డులో రాయించండి. ‘రేపట్నుంచి శాండ్‌విచ్ పెడతాలే’ అని మాత్రం మీ అంతట మీరు అనొద్దు. తప్పంతా తన తిండిదేనని పిల్ల అనుకుంటుంది. ఏం పెట్టాలో తననే అడగండి.

ఈ రాత్రే రాయడం మొదలుపెట్టండి: తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగానే, విన్నదెవరు, మీరు ఎవరికి చెప్పారు, వాళ్లేమన్నారు. ‘రోజూ ఏడిపిస్తున్నారు’ అంటే స్కూలు దాటేస్తుంది. ‘మంగళవారం లంచ్‌లో, ఫలానా టేబుల్ దగ్గర, ఈ మాట’ అంటే దాటేయడం కష్టం. ఫోన్లో చెప్పినా అదే విషయం హెడ్ ఆఫ్ స్కూల్‌కి ఈమెయిల్ పెట్టండి. అందులో ‘బుల్లీయింగ్’ అని ఊరుకోకుండా ‘జాతి కారణంగా వేధింపు’ అని స్పష్టంగా రాయండి. ఉత్త బుల్లీయింగ్ అయితే పిల్లల క్రమశిక్షణ గొడవగా సర్దేస్తారు. జాతి అన్న మాట వస్తే చట్టం వస్తుంది.

ఒప్పందాల్లో జాతి వివక్ష కూడదనే సెక్షన్ 1981 (1866 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చింది) ప్రైవేట్ స్కూళ్లకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1976లో రన్యన్ కేసులో తేల్చింది. ఫెడరల్ నిధులు తీసుకునే స్కూలైతే జాతి వివక్షను నిషేధించే టైటిల్ సిక్స్ (1964 పౌరహక్కుల చట్టంలోని భాగం) కూడా ఉంటుంది. అలాంటప్పుడు ఘటన జరిగిన 180 రోజుల్లోపు ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు, కాబట్టి ఆలస్యం వద్దు. సీటు సంగతికొస్తే, మీ భయం ఉత్తిది కాదు. చాలా ప్రైవేట్ స్కూళ్లలో ఒప్పందం ఏడాదికే, మరుసటేడు ఏదో కారణం చూపి తప్పించొచ్చు. ఫిర్యాదు ముందే రాతపూర్వకంగా ఉంటే, అది కక్షసాధింపని లాయరు వాదించడానికి ఆధారం దొరుకుతుంది.

స్కూల్ కౌన్సెలర్ స్కూలు ఉద్యోగి. మనసు విప్పి మాట్లాడటానికి బయట లైసెన్స్ ఉన్న థెరపిస్టును చూడండి. ‘నేను లేకపోతే బావుణ్ణు’ లాంటి మాట వింటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అప్పటికప్పుడే ఆత్మహత్య ఆలోచనల సహాయ లైన్ 988కి ఫోన్ చేయండి.

క్లాసులోని రెండో పిల్లను సాక్షిగా లాగకండి. ముందు ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి.