పోస్టర్లు వేసినా మా క్లబ్ ఈవెంట్లకు జనం రావట్లేదు, ప్రచారం ఎలా చేయాలి?

క్యాంపస్ అంతా పోస్టర్లు అంటించాం, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాం, అయినా పదిమంది కూడా రాలేదని రాశారు. నేను యూనివర్సిటీలో ఉన్నప్పుడు రెండేళ్లు క్విజ్ క్లబ్ చూసుకున్నాను, మా మొదటి ఈవెంట్‌కీ ఇదే జరిగింది. వచ్చింది తొమ్మిది మంది, అందులో ఆరుగురు క్లబ్ వాళ్లే. మూడు వారాలు కూర్చుని ప్రశ్నలు తయారు చేసిన జూనియర్ ఆ ఖాళీ కుర్చీల ముందు మైక్ పట్టుకుని నిలబడటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత మేం చేసిన మంచి పని, రాని వాళ్లను వెళ్లి అడగడం. ఓ ఇరవై మందిని అడిగితే దాదాపు అందరూ పోస్టర్ చూశామనే చెప్పారు. మరి ఎందుకు రాలేదంటే, "అక్కడ తెలిసినవాళ్లు ఎవరూ లేరు, ఒక్కదాన్నే ఎలా వస్తాను" అని ఒకమ్మాయి, "క్విజ్ అంటే బాగా చదివేవాళ్లకే అనుకున్నా" అని ఇంకొకరు. విషయం అందరికీ తెలిసింది, కానీ తమను ఎవరో రమ్మన్నట్టు ఎవరికీ అనిపించలేదు. మీ దగ్గర కూడా ఇదే జరుగుతోందని నా అనుమానం.

అందుకే రెండో ఈవెంట్‌కి ముందు క్లాసులకు వెళ్లి చెప్పాం. లెక్చరర్‌ని ముందే అడిగి, క్లాస్ మొదలయ్యే ముందు రెండు నిమిషాలు తీసుకోండి, చివర్లో వద్దు, అప్పటికే అందరూ బ్యాగులు సర్దుకుంటుంటారు. మాట్లాడేది ఆ క్లాస్‌లో చదివేవాళ్లయితే ఇంకా మంచిది. మేం వివరాలన్నీ చదవకుండా ఒక సరదా ప్రశ్న అడిగేవాళ్లం, వెనక బెంచీల నుంచి జవాబులు వచ్చేవి, "ఇలాంటివే, గురువారం సాయంత్రం, టీం లేకపోయినా రండి, మేం కలుపుతాం" అని చెప్పి వచ్చేసేవాళ్లం. ఆ "టీం లేకపోయినా రండి" అన్న మాట పోస్టర్ మీద కూడా పెద్దగా వేయించాం. ఆ రోజు గుమ్మం దగ్గర ఒకరిని నిలబెట్టాం, ఒంటరిగా వచ్చినవాళ్లను పలకరించి టీంలో కూర్చోబెట్టడమే వాళ్ల పని. దాదాపు నలభై మంది వచ్చారు.

వాట్సాప్ గ్రూప్‌లో 1024 మంది వరకు చేర్చుకోవచ్చు గానీ అంత పెద్ద గ్రూప్‌ని చాలామంది మ్యూట్‌లో పెట్టేస్తారు. క్లాస్ గ్రూపుల్లో, ఆ క్లాస్‌వాళ్లే, ఫార్వర్డ్ చేయకుండా సొంత మాటల్లో రాస్తే చదువుతారు. వారం ముందు ఒకటి, ముందురోజు ఒకటి, మొదలవడానికి రెండు గంటల ముందు ఒకటి, అంతకు మించొద్దు. ఆ మూడోదాన్ని అస్సలు వదలకండి, పేరు ఇచ్చి మర్చిపోయినవాళ్లు దాన్ని చూసే వస్తారు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటలే ఉంటుంది కాబట్టి అది ఈవెంట్ రోజుకే పనికొస్తుంది.

పోస్టర్లు మానేయమనను. కానీ నడిచిపోయే కారిడార్‌లో కాకుండా మనుషులు ఆగే చోట పెట్టండి: లిఫ్ట్ దగ్గర, మంచినీళ్ల దగ్గర, లైబ్రరీ కౌంటర్ దగ్గర. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గదిలో అన్నది దూరం నుంచే కనపడాలి. అంగుళం ఎత్తున్న అక్షరాలు సుమారు పది అడుగుల నుంచి హాయిగా చదవొచ్చు, దాన్ని బట్టి సైజు చూసుకోండి. క్యూఆర్ కోడ్ విషయంలో మేం దెబ్బతిన్నాం. ఒక ఫ్రీ సైట్‌లో చేసిన కోడ్, ట్రయల్ గడువు అయిపోగానే, సరిగ్గా ఈవెంట్ వారంలో పనిచేయడం ఆగిపోయింది. స్టాటిక్ కోడ్ చేసుకోండి, లింక్ అందులోనే ఉంటుంది కాబట్టి కోడ్‌కి గడువు ఉండదు. ప్రింట్‌కి ఇచ్చే ముందు రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేసి చూడండి.

తేదీ పెట్టేముందు పరీక్షల టైమ్‌టేబుల్, ల్యాబ్ రికార్డుల గడువు, ఆ రోజు మిగతా క్లబ్‌ల కార్యక్రమాలు కనుక్కోండి. ఇంటర్నల్స్ ముందురోజు పెడితే ఎంత ప్రచారం చేసినా ఎవరూ రారు.

ఇంకోటి, వచ్చినవాళ్లు వెళ్లకముందే తర్వాతి ఈవెంట్ ఎప్పుడో అక్కడే చెప్పండి, ఈసారి మీతో ఒకరిని తీసుకురండి అని అడగండి. మా మూడో క్విజ్‌కి కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది అలా ఫ్రెండ్ వెంట వచ్చినవాళ్లే.