పాఠకుల ప్రశ్నలు: సైన్స్ పోటీ ఒక్క విడతతో ఆగిపోకుండా

ప్రశ్న: మా ఆన్‌లైన్ బృందంలో విజ్ఞానశాస్త్రం పట్ల ఆసక్తి ఉన్నవారు చాలామంది ఉన్నారు. వ్యాసాలు, చిత్రాలు, చిన్న వీడియోలు ఆహ్వానిస్తూ నెలకొక సైన్స్ పోటీ నిర్వహించాలని అనుకుంటున్నాం. మొదటిది ఉత్సాహంతో ఎలాగూ జరిగిపోతుంది. ఆ తరువాత కూడా క్రమం తప్పకుండా సాగాలంటే ముందే ఏమేం ఆలోచించుకోవాలి?

జవాబు: అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది పోటీ ఎంత కాలానికి ఒకసారి జరగాలన్న సంగతి. దానికి కొలమానంగా పాల్గొనేవారి ఉత్సాహాన్ని తీసుకోకండి. వచ్చిన రచనలను చదివి తీర్పు చెప్పేవారి తీరికను తీసుకోండి. ఇలాంటి పోటీలు రచనలు రాక ఆగిపోవడం అరుదు. ఫలితాలు వారాల తరబడి వెలువడక, పంపినవారు అడిగి అడిగి విసిగిపోయి, తరువాతి ప్రకటనను ఎవరూ పట్టించుకోని స్థితి వచ్చి ఆగిపోవడమే ఎక్కువ. ఒక లెక్క వేసి చూడండి. ఒక విడతకు 60 రచనలు వచ్చాయనుకుందాం. ఒక్కొక్కదాన్ని ముగ్గురు చదవాలంటే మొత్తం 180 సార్లు చదవవలసి ఉంటుంది. అందులోని వాస్తవాలను సరిచూసుకోవడంతో కలిపి ఒక్కోసారికి 15 నిమిషాలు పట్టినా అది 45 గంటల పని. ఐదుగురు పంచుకుంటే తలా 9 గంటలు. ఉద్యోగాలు, చదువులు చూసుకుంటూ స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారిని నెలనెలా అంత సమయం అడగడం న్యాయం కాదు, అడిగినా ఎక్కువ కాలం దొరకరు.

అందువల్ల నెలకొక పోటీ వద్దనీ, మూడు నెలలకొకటి చాలనీ నా సలహా. విజ్ఞానశాస్త్ర సంబంధమైన ఛాయాచిత్రాల కోసం 2011లో ఎస్టోనియాలో మొదలైన వికీ సైన్స్ పోటీ 2015లో ఐరోపాకూ, 2017లో ప్రపంచ స్థాయికీ విస్తరించింది. వెనుక అనేక దేశాల స్వచ్ఛంద సేవకుల అండ ఉన్నా అది రెండేళ్ళ ఎడంతోనే జరుగుతూ వచ్చింది. నిర్వాహకులకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉన్న పోటీయే నిలబడుతుంది. ప్రకటనలో రచనలకు గడువు ఏ తేదీ అని రాస్తామో, ఫలితాలు వెలువడే తేదీని కూడా అంతే స్పష్టంగా రాయండి, ఆ తేదీని తప్పకండి.

ఇక అంశం ఎంపిక. నా దృష్టిలో పోటీ నాణ్యతలో సగం దీని మీదే ఆధారపడి ఉంటుంది గనుక కొంచెం వివరంగా చెబుతాను. ‘అంతరిక్షం’ అని ప్రకటిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో రాసేవారికి తోచదు, వచ్చినవాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడడానికి న్యాయనిర్ణేతలకూ పట్టు దొరకదు. ‘శని గ్రహపు వలయాలు’ అంటే ఖగోళశాస్త్రం చదివినవారు తప్ప మిగిలినవారు పక్కకు తప్పుకుంటారు. శాస్త్రాల మధ్య గోడలను అడ్డంగా దాటుకుంటూ పోయే అంశాలు ఈ రెంటికంటే మేలు. ఉదాహరణకు ‘కొలత’ అనే అంశాన్ని తీసుకోండి. ప్యారిస్ దగ్గర భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం స్తూపమే కిలోగ్రాముకు ప్రమాణంగా ఉన్న రోజులు పోయి, 2019 మే 20 నుంచి ప్రకృతిలో ఎక్కడా మారని విలువ అయిన ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా దాన్ని నిర్వచించడం ఎందుకు అవసరమైందో ఒకరు రాయవచ్చు. కాంతి శూన్యంలో ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో ప్రయాణించే దూరాన్ని మీటరుగా 1983లో స్థిరపరచిన కథను మరొకరు చెప్పవచ్చు. నీడల కోణాన్ని బట్టి ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను ఎలా అంచనా కట్టాడో బొమ్మ గీసి చూపించవచ్చు. జీవశాస్త్రం తెలిసినవారు కంటికి కనిపించని బాక్టీరియాను లెక్కపెట్టే పద్ధతిని వీడియోలో వివరించవచ్చు. శాస్త్ర నేపథ్యం ఏమీ లేని సభ్యులు సైతం తమ ఇంటి థర్మామీటరు రోజంతా చూపిన అంకెలను గ్రాఫుగా గీసి, ఉష్ణోగ్రత మధ్యాహ్నం 12 గంటలకు కాక ఆ తరువాత ఎందుకు గరిష్ఠానికి చేరిందో చర్చించవచ్చు. ఈ చివరి రకం ఎంట్రీ చూసినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు, ఎందుకంటే అది ఎక్కడో చదివింది తిరిగి చెప్పడం కాక, తాము చూసినదాని గురించి ఆలోచించడం.

అంశాలను ఒక ఏడాదికి సరిపడా ముందే ప్రకటిస్తే సభ్యులు సమాచారం సేకరించుకోవడానికి వీలవుతుంది. ప్రపంచమంతటా పాటించే కొన్ని రోజులతో వాటిని ముడిపెట్టవచ్చు. అక్టోబరు 4 నుంచి 10 వరకు జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవానికి ఆ తేదీలు ఊరికే రాలేదు. మొదటిది 1957లో తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ప్రయోగం జరిగిన రోజు, రెండవది అంతరిక్షాన్ని దేశాలు ఎలా వాడుకోవాలో చెప్పే అంతరిక్ష ఒప్పందం 1967లో అమలులోకి వచ్చిన రోజు. తొలి లేజర్ 1960లో పనిచేసిన మే 16ను అంతర్జాతీయ కాంతి దినోత్సవంగా జరుపుతారు. ఫిబ్రవరి 11 విజ్ఞానశాస్త్రంలో మహిళలు, బాలికల దినోత్సవం. ఇలాంటివి ఏడాదికి ఒకటి రెండు చాలు. ప్రతి విడతకూ ఒక దినోత్సవాన్ని తగిలిస్తే రచనలు శుభాకాంక్షల ధోరణిలోకి జారిపోతాయి.

వ్యాసాన్నీ వీడియోనూ ఒకే వరుసలో నిలబెట్టి మార్కులు వేయకండి. విభాగాలు వేరుగా ఉండాలి, ప్రతి విభాగానికీ ఒక కచ్చితమైన పరిమితి ఉండాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైన ‘త్రీ మినిట్ థీసిస్’ పోటీలో పరిశోధక విద్యార్థి తన ఏళ్ళ పరిశోధనను మూడు నిమిషాల్లో, కదలని ఒకే ఒక్క స్లయిడుతో చెప్పాలి. ఆ నియమం ఇరుకుగా అనిపించినా, వక్త అసలు విషయమేమిటో తేల్చుకోక తప్పని స్థితిని కల్పించేది అదే.

ప్రశ్న: న్యాయనిర్ణేతలతో పని లేకుండా సభ్యుల లైకుల ఆధారంగా విజేతను నిర్ణయిస్తే సులువు కదా? న్యాయనిర్ణేతలను పెట్టినా ఒకరు ఉదారంగా, మరొకరు పొదుపుగా మార్కులు వేస్తున్నారు.

జవాబు: లైకులు స్నేహాలను కొలుస్తాయి, ముందుగా వచ్చిన రచనకు ఎక్కువ పడతాయి, అన్నిటికీ మించి ఒక విషయం నిజమో కాదో చెప్పలేవు. సైన్స్ పోటీలో ఆ చివరిదే ప్రాణం. నాలుక కొన మీద తీపి, వెనుక భాగంలో చేదు తెలుస్తాయని చూపించే పటం సంగతి తీసుకోండి. జర్మన్ శాస్త్రవేత్త హేనిగ్ 1901లో నాలుక మీద వేర్వేరు చోట్ల రుచిని పసిగట్టే శక్తిలో స్వల్పమైన తేడాలు ఉన్నాయని రాశాడు. 1942లో అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త బోరింగ్ తన పుస్తకంలో ఆ ఫలితాలను చూపిన గ్రాఫు వల్ల ఆ స్వల్ప భేదాలు పెద్దవిగా కనిపించాయి. అక్కడి నుంచి అది పాఠ్యపుస్తకాల్లోకి పాకింది. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్ళీ పరీక్షించి తేడాలు ఉన్నా లెక్కలోకి తీసుకోదగినంత పెద్దవి కావని చూపింది. అయినా ఆ పటాన్ని అందమైన రంగుల్లో గీసి పంపితే ఈనాటికీ లైకుల వర్షం కురుస్తుంది. అందుకే ప్రతి రచనలోనూ ప్రధానమైన రెండు మూడు వాస్తవాలకు ఆధారం ఏమిటో రచయితే చెప్పాలని నియమం పెట్టండి. ఆ ఆధారాన్ని ఆ రంగం తెలిసిన ఒకరు తెరిచి చూడాలి. ఆధారం ఉందా లేదా అన్నంతటితో సరిపెట్టుకోకండి, రచనలో ఉన్నమాట ఆ ఆధారంలోనూ నిజంగా ఉందా అని చూడండి. పొరపాటు దొరికితే వెంటనే తిరస్కరించకుండా, సరిచేసుకోవడానికి రెండు రోజులు ఇవ్వండి. సభ్యుల అభిమానానికి చోటు ఉండాలనుకుంటే పాఠకుల మెచ్చుకోలు పేరుతో ఒక ప్రత్యేక గుర్తింపు పెట్టండి, దాన్ని అసలు ఫలితంతో కలపకండి.

మార్కుల తేడాకు మందు ఉంది. ఒకరు వేసే మార్కులు 6 నుంచి 9 మధ్యే ఉంటాయి, మరొకరివి 3 నుంచి 7 మధ్య. వీటిని నేరుగా కూడితే ఉదారంగా వేసేవారి చేతికి వచ్చిన రచనలన్నీ ముందుకు వెళ్ళిపోతాయి. కాబట్టి రచనలను లాటరీ పద్ధతిలో పంచి, ప్రతి న్యాయనిర్ణేత వేసిన మార్కుల సగటు కట్టి, ఆయన ప్రతి మార్కులోంచీ ఆ సగటును తీసివేయండి. సగటు 8 ఉన్నవారి దగ్గర 8 తెచ్చుకున్న రచన, సగటు 5 ఉన్నవారి దగ్గర 5 తెచ్చుకున్న రచన అప్పుడు సమానమవుతాయి. ఒక్కొక్కరికి కనీసం పది పన్నెండు రచనలైనా అందితేనే ఈ సగటుకు అర్థం ఉంటుంది. దీనికి ముందు, అందరూ కలిసి పోటీకి సంబంధంలేని రెండు పాత రచనలకు మార్కులు వేసి, ఎక్కడెక్కడ విభేదించారో ఒక గంట మాట్లాడుకుంటే తరువాతి తగాదాలు చాలావరకు తగ్గుతాయి. రచయితల పేర్లు తొలగించే పంచాలని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: బహుమతి పెద్దదైతే ఎక్కువమంది పాల్గొంటారని మా బృందంలో కొందరి వాదన. మీరేమంటారు?

జవాబు: ఎక్కువ ఎంట్రీలు వస్తాయన్నది నిజమే, కానీ అవి ఎలాంటివన్నది మీరు దేన్ని లెక్కపెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు, అంటే ఎవరైనా చూసి మార్పులు సూచించగల సాఫ్ట్‌వేరుకు, తోడ్పడేవారిని ప్రోత్సహించడానికి 2014 నుంచి అక్టోబరు నెలల్లో జరుగుతున్న హ్యాక్‌టోబర్‌ఫెస్ట్‌లో 2020 నాటికి అలాంటి ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే ఒక టీ-షర్టు బహుమతిగా ఉండేది. ఆ ఏడాది మొదటి రోజుల్లోనే ప్రాజెక్టుల వివరణ పత్రాల్లో ఒకటి రెండు మెచ్చుకోలు మాటలు చేర్చి పంపిన మార్పులు వెల్లువెత్తి, వాటిని తిరస్కరించడమే ప్రాజెక్టులు నడిపేవారికి పనైపోయింది. చివరకు నిర్వాహకులు పోటీ మధ్యలోనే నియమం మార్చి, ఇందులో పాల్గొనడానికి సిద్ధమేనని స్వయంగా ప్రకటించిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని చెప్పవలసి వచ్చింది. టీ-షర్టు పెద్ద బహుమతి కాదు. సంఖ్య దాటితే చాలు, అది చేతికి వస్తుంది, చిక్కంతా అక్కడే. మీరు పదాలను లెక్కపెడితే వ్యాసాలు ఉబ్బుతాయి, రచనల సంఖ్యకు పాయింట్లు ఇస్తే ఒక వ్యాసం నాలుగు ముక్కలై వస్తుంది.

బహుమతిని చిన్నదిగానే ఉంచి, ఆ శ్రమను మరోచోట పెట్టండి. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ, గెలవనివారికి ముఖ్యంగా, తమ రచనలో ఏది బాగుందో, ఏది అర్థం కాలేదో మూడు నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. ఒక అపరిచితుడు తన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాడన్న నమ్మకం కలిగినవారు మరుసటి విడతకు తిరిగి వస్తారు. పైన వేసిన లెక్కలో 15 నిమిషాలు అన్నది ఈ మాటలు రాయడానికి కూడా చాలదేమో. అదీ పోటీల మధ్య ఎడం పెంచమనడానికి మరో కారణం.

ప్రశ్న: వచ్చిన చిత్రాలను, వ్యాసాలను తరువాత మేము వాడుకోవచ్చా? కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలను అనుమతించాలా?

జవాబు: వాడుకోదలచుకుంటే ఏ లైసెన్సు కింద తీసుకుంటున్నారో ప్రకటనలోనే చెప్పాలి. పోటీ ముగిశాక ఆ మాట ఎత్తడం మర్యాద కాదు. రచనలను ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతినిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో బై-ఎస్ఎ (BY-SA) రకం ఇలాంటి పోటీలకు బాగా నప్పుతుంది: పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చి పంచుకోవచ్చు, అయితే మార్చినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. మార్చినదాన్ని పంచుకోనివ్వని ఎన్‌డి (ND) రకం ఎంచుకుంటే వ్యాసాన్ని మరో భాషలోకి అనువదించి పంచుకునే వీలు ఉండదు, ఈ సంగతి చాలామందికి తట్టదు. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు గనుక, మొదటిసారి పాల్గొంటున్నవారికి ఆ మాట తేలిక భాషలో చెప్పడం మీ బాధ్యత.

చిత్రంతోపాటు వివరణ తప్పనిసరి చేయండి. సూక్ష్మదర్శిని చిత్రమైతే, అసలు పరిమాణాన్ని తెలిపే కొలబద్ద గీత లేకుండా అది అందమైన మచ్చ మాత్రమే. చూస్తున్నది రక్తకణమో, పుప్పొడి రేణువో, వాటి పరిమాణమెంతో ఎవరికీ తెలియదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని నలుపు తెలుపుల్లోనే చూపుతుంది కాబట్టి అందులో కనిపించే రంగులు తరువాత వేసినవని రాయాలి. ఖగోళ చిత్రాల్లో కంటికి కనిపించని పరారుణ కాంతికి కనిపించే రంగులను ఆపాదించినప్పుడూ ఇంతే.

కృత్రిమ మేధ విషయంలో నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. శరీర నిర్మాణాన్ని, యంత్రాన్ని, జీవకణాన్ని చూపించే బొమ్మ అయితే అనుమతించవద్దు. అసాధ్యమైన అవయవాలతో, అర్థంలేని అక్షరాలతో నిండిన ఒక ఎలుక బొమ్మ 2024 ఫిబ్రవరిలో నిపుణుల సమీక్ష దాటుకుని ఒక పరిశోధన పత్రికలోనే అచ్చయి, కొద్ది రోజులకే ఆ పత్రాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. నిపుణుల కళ్ళనే దాటినదాన్ని స్వచ్ఛంద న్యాయనిర్ణేతలు ప్రతిసారీ పట్టుకుంటారని ఆశించలేం. భాషను సరిదిద్దుకోవడానికి వాడుకుంటే ఆ మాట చెప్పమనండి, చాలు.

ప్రశ్న: సభ్యులు వేర్వేరు దేశాల్లో ఉన్నారు. గడువును ఎలా ప్రకటించాలి?

జవాబు: ‘ఆదివారం అర్ధరాత్రి’ అని ఎప్పుడూ రాయకండి. అది శనివారం గడిచిన అర్ధరాత్రో, ఆదివారం గడిచాక వచ్చేదో తెలియదు. పైగా భూమి మీద అన్నిటికంటే ముందున్న కాలమండలానికీ, అన్నిటికంటే వెనుక ఉన్నదానికీ మధ్య 26 గంటల తేడా ఉంది. తేదీ రాసి, పక్కన 23:59 యుటిసి (అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉన్న ప్రమాణ సమయం) అని రాయండి. దానితోపాటు మీ సభ్యులు ఎక్కువగా ఉన్న రెండు మూడు చోట్ల అది ఎన్ని గంటలవుతుందో కూడా ఇవ్వండి. చివరి గంటలో అప్‌లోడ్ మొరాయించినవారి కోసం ప్రకటించకుండానే మరో ఆరు గంటలు తలుపు తెరిచి ఉంచండి, ఆ వెసులుబాటును అందరికీ ఒకేలా వర్తింపజేయండి.